తాబేళ్ళను లెక్కించువారు

క్రిందటి సంవత్సరము మన పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశము ముగిసిన పిమ్మట ఒక తండ్రిగారు నాయొద్దకు వచ్చి తమ కుమార్తెను గూర్చి చెప్పిరి. ఆమె మన పాఠశాలలోనే పదవ తరగతి వరకు చదివి, ఇప్పుడు కళాశాలలో జంతుశాస్త్రము చదువుచున్నది. చదువు ముగియగానే బ్యాంకు పరీక్షలకు కూర్చుండక, అడవులలో జంతువులను లెక్కించు పనికి పోదునని పట్టుపట్టినదట. ఆయన నన్నడిగిన మాటలివి: "మాష్టారూ, తాబేళ్ళని లెక్కపెడితే కడుపు నిండుతుందా? పోనీ, లెక్కపెట్టినందువల్ల ఆ తాబేళ్ళకైనా ఏమి ఒరుగుతుంది?"

ఆ రెండు ప్రశ్నలలో ఏ ఒక్కదానికిని నేనానాడు సరియైన సమాధానము చెప్పలేకపోతిని. ఇంటికి పోయిన తరువాత కూడ అవి నన్ను విడువలేదు. తీరిక దొరికినపుడెల్ల ఆ విషయమును చదివితిని. ఉదాహరణమునకు అమెరికాలోని ఎడారి తాబేటిని తీసికొంటిని. ఏలయన, యాభై ఏండ్లకు పైగా మనుష్యులు ఏటేట ఎడారికి పోయి ఆ ప్రాణి వెంట నడచి వ్రాసిపెట్టిన లెక్కలు అక్కడ కలవు. ఆ పని ఎట్టిదో, దానివలన ఏమి తెలిసినదో తల్లిదండ్రులకు తెలియజేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఆ ప్రాణి ఎట్టిది?

అమెరికా సంయుక్త రాష్ట్రముల నైరుతి భాగమున మొహావీ అను ఎడారి కలదు. కాలిఫోర్నియా, నెవాడా, యూటా, అరిజోనా రాష్ట్రములలో అది వ్యాపించియున్నది. ఏడాదికి పదునైదు సెంటీమీటర్ల వానయైనను పడని చోట్లు అందు పెక్కు. వేసవిలో ఎండ మన రాయలసీమ ఎండను మించును. శీతకాలమున రాత్రులు నీరు గడ్డకట్టును. ఇట్టిచోట కొలరాడో నదికి ఉత్తరమునను పడమరను ఈ తాబేలు నివసించుచున్నది. 1861లో కూపర్ అను శాస్త్రజ్ఞుడు దీనిని మొదట వర్ణించి పేరు పెట్టెను. నదికి ఆవలి తట్టున, అనగా తూర్పునను దక్షిణమునను, నివసించు తాబేళ్ళు వేరొక జాతివని 2011లో శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి.

ఇది చెరువు తాబేలు కాదు. నేలమీద నడచు మెట్ట తాబేలు. పెరిగిన తాబేటి డిప్ప సుమారు 20 మొదలు 38 సెంటీమీటర్ల వరకు పొడవుండును. వెనుక కాళ్ళు ఏనుగు కాళ్ళవలె బలిసియుండును. ముందు కాళ్ళు పారలవలె వెడల్పుగా నుండి మట్టి త్రవ్వుటకు పనికివచ్చును. ఆ కాళ్ళతో బొరియ త్రవ్వుకొని, తన ఆయువులో నూటికి తొంబదియైదు పాళ్ళు అందులోనే గడపును. ఎండాకాలమున ఎండకు వెరచియు, శీతకాలమున చలికి వెరచియు బొరియ వెడలదు. వసంతమున అడవి పూలు, లేత గడ్డి మొలచినపుడు కొన్ని వారములు, మరల శరత్కాలమున కొన్ని వారములు మాత్రమే బయట తిరుగును. తాబేటిని చూడగోరువాడు ఆ కొద్ది దినములలోనే పోవలెను. అందుచేతనే ఈ పరిశోధన సంవత్సరము పొడుగున సాగు ఉద్యోగము గాక, ఋతువును బట్టి సాగు పని యయ్యెను.

నీటి విషయమున దీని పొదుపు ఆశ్చర్యకరమైనది. వాన వచ్చు సూచన కనబడగానే నేలపై లోతులేని గుంటలు చేసి, వాటిలో నిలిచిన నీటిని త్రాగును. ఆ నీటిని మూత్రాశయమున నిలువజేసికొని, మరల వాన పడువరకు నెలల తరబడి దానితోనే ప్రాణము నిలుపుకొనును. అయితే భయపడినపుడు ఆ నీటినంతయు ఒక్కసారి విడిచివేయును. దారిన పోవు యాత్రికుడు ముచ్చటపడి తాబేటిని చేత నెత్తి మరల దింపిపోవును. తాను హాని చేయలేదనియే అతడు తలచును. కాని అది కూడబెట్టుకొన్న నీరంతయు ఇసుకపాలైనది. వాన రాకున్న అది దాహముతో చచ్చును.

హాని ఎందుచేత కనబడదు?

ఈ తాబేలు యాభై మొదలు ఎనుబది సంవత్సరముల వరకు బ్రదుకగలదు. ఆడుది గ్రుడ్లు పెట్టు ప్రాయమునకు వచ్చుటకే పన్నెండు మొదలు ఇరువది ఏండ్లు పట్టును. ఒక్కొక్క మారు నాలుగో, ఆరో, ఎనిమిదో గ్రుడ్లు పెట్టును. వాటినుండి వెడలిన పిల్లలు రెండంగుళములకు మించవు. వాటి డిప్ప గట్టిపడుటకు అయిదారేండ్లు పట్టును. అంతవరకు పక్షి ముక్కుతో పొడిచిన పగులునంత మెత్తగా నుండును. మనుష్యులు ఎడారిలో ఊళ్ళు కట్టి, చెత్తకుప్పలు వేసి, విద్యుత్ స్తంభములు నాటిన పిమ్మట బొంతకాకులకు తిండియు, నీరును, గూటికి చోటును దొరికినవి. వాటి సంఖ్య అనేక రెట్లు పెరిగినది. అవి తాబేటి పిల్లలను ఏరుకొని తినుచున్నవి.

ఇక్కడ ఒక చిక్కు కలదు. పిల్లలన్నియు చచ్చినను, పెద్ద తాబేళ్ళు మరి ముప్పది ఏండ్లు అట్లే తిరుగుచుండును. చూడవచ్చిన వానికి ఏ లోటును కనబడదు. తాతనాడు తాబేళ్ళుండెను, నేడును ఉన్నవి గదా యనుకొనును. మేము ఉపాధ్యాయులము కనుక ఈ సంగతి మాకు వేరొక రీతిని తెలియును. ఒక గ్రామమున ప్రతి ఇంటను పొయ్యి వెలుగుచుండవచ్చును, రచ్చబండ మీద జనము నిండుగా కూర్చుండవచ్చును. కాని ఆ యూరిలో పిల్లలు తగ్గిపోవుచున్నారని మొదట తెలియునది ఒకటవ తరగతి ప్రవేశ పట్టిక వ్రాయువానికే. దీర్ఘాయువు గల ప్రాణుల క్షీణత కంటికి కనబడదు, పట్టికలోనే కనబడును. ఆ పట్టిక వ్రాయువాడు లేకున్న అది ఎవరికిని తెలియదు.

ఇతర కారణములును కలవు. దారులమీద వాహనముల క్రింద పడి చచ్చునవి కొన్ని. 1988 ప్రాంతమున శ్వాసకోశమునకు సంబంధించిన ఒక అంటువ్యాధి వాటిలో బయటపడినది. ఇండ్లలో పెంచిన తాబేళ్ళను జాలిపడి ఎడారిలో విడిచినందున అది వ్యాపించి యుండునని భావించుచున్నారు. విదేశముల నుండి వచ్చిన గడ్డిజాతులు స్థానికమైన పూలమొక్కలను త్రోసివేసి, ఎండి, మంటలకు దోహదము చేయుచున్నవి. ఇండ్లకును, సైనిక శిక్షణకును, సూర్యరశ్మి నుండి విద్యుత్తును తీయు క్షేత్రములకును భూమి పోవుచున్నది. ఇందు ఏ ఒక్కటియు దురుద్దేశముతో చేసినది కాదు. అన్నియు కలిసి తాబేటిని క్రుంగదీసినవి.

వారు చేయు పని

యూటా రాష్ట్రపు ఎడారి వాలులో తాబేళ్ళకు గుర్తులు పెట్టి ఏండ్ల తరబడి గమనించిన వుడ్బరీ, హార్డీ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు 1948లో తమ పరిశోధనను ప్రకటించిరి. 1970 దశకము నుండి క్రిస్టిన్ బెర్రీ అను విదుషీమణి కాలిఫోర్నియా ఎడారిలో ఈ పనిని దశాబ్దముల పర్యంతము సాగించెను. అట్టి లెక్కల ఆధారముననే కేంద్ర ప్రభుత్వము 1990 ఏప్రిల్‌లో మొహావీ తాబేటిని ముప్పునకు లోనైన జాతుల పట్టికలో చేర్చినది. 2001 నుండి ఈ తాబేలు నివసించు ప్రాంతములన్నింటను ఒకే పద్ధతిని గణన సాగించుచున్నారు.

ఆ పద్ధతి చెప్పెదను. వసంతకాలము రాకముందే పనివారిని కొద్ది నెలలకు నియమింతురు. వారిలో పలువురు కళాశాల చదువు అప్పుడే ముగించిన యువతీయువకులు. వారిని వెంటనే పనికి పంపరు. తాబేటి ఆకారమున తేలికైన నురుగు పదార్థముతో చేసిన బొమ్మలను పొదల మాటున ఉంచి, నడచుచు వాటిని కనిపెట్టుమందురు. ఎవడు ఎన్ని కనిపెట్టెనో, ఎన్నింటిని దాటిపోయెనో లెక్కకట్టుదురు. తన కన్ను ఎంతవరకు నమ్మదగినదో తెలిసికొనుటయే వారికి మొదటి పాఠము.

పిమ్మట ఇద్దరిద్దరుగా నడచెదరు. ముందు నడచువాడు దిక్సూచి చూచుకొనుచు, 25 మీటర్ల త్రాడు ఈడ్చుకొని పోవును. రెండవవాడు ఆ త్రాడు కొన వెంట నడచును. ఒక ప్రక్కకు 3 కిలోమీటర్ల చొప్పున చదరముగా 12 కిలోమీటర్లు నడువవలెను. దారిలో గుట్ట వచ్చిననేమి, ముళ్ళజెముడు వచ్చిననేమి, తిన్నని గీతను విడువరాదు. తాబేలు కనబడినచో, ఆ గీతకు అది ఎంత దూరమున నున్నదో కొలిచి వ్రాయుదురు. గీతకు దగ్గరనున్నవి దాదాపు అన్నియు కంటబడును. దూరము పెరిగినకొలది తప్పిపోవునవి ఎక్కువగును. కనబడినవి ఎంతెంత దూరమున కనబడినవో తెలిసినచో, కనబడనివి ఎన్ని యుండునో గణితము చెప్పగలదు.

మరి బొరియలలో దాగినవాటి మాటయేమి? దానికొక ఉపాయము కలదు. కొన్ని తాబేళ్ళ డిప్పకు చిన్న రేడియో ప్రసారిణిని జిగురు మందుతో అంటింతురు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క ధ్వని సంఖ్య. పనివాడు చేతిలో ఏంటెన్నా పట్టుకొని నలుదిక్కుల త్రిప్పగా, తాబేలున్న దిక్కున 'టిక్కు టిక్కు' మను శబ్దము హెచ్చుగా వినబడును. ఆ శబ్దమును బట్టి పోయి, అది బయట నున్నదో, బొరియలో కనబడుచున్నదో, అసలు కనబడుటయే లేదో వ్రాయును. చీకటి బొరియలోనికి అద్దముతో సూర్యకాంతిని మరలించి చూచును. ఇట్టి తాబేళ్ళు పది యున్నవనుకొందము. ఒకనాడు వాటిలో ఎనిమిదియే కంటబడినచో, ఆనాడు నడచినవారికి ఎనిమిది తాబేళ్ళు కనబడిన నిజముగా పది యున్నవని గ్రహింపవలెను. మన ఎనిమిదవ తరగతి పిల్లలు చేయు అనుపాతపు లెక్కయే యిది. తరగతిలో నిష్ప్రయోజనమని తోచిన లెక్క ఎడారిలో ఒక జాతి ప్రాణములను తూచుచున్నది.

తాబేటిని తాకుటకు ప్రభుత్వ అనుమతి పొందినవారే తాకవలెను. ఒక్కొక్క తాబేటికి క్రొత్త చేతితొడుగులు వేసికొందురు. ఒకదాని వ్యాధి మరియొకదానికి అంటరాదు. కొలతలు, బరువు తీసి, సంఖ్య గల చిన్న బిళ్ళ అంటించి, ఎక్కడ దొరికెనో అక్కడనే, ఏ దిక్కునకు పోవుచుండెనో ఆ దిక్కుననే విడిచెదరు. గాలి వేడిమి 35 డిగ్రీలు దాటినచో ముట్టుకొననే కూడదు. భయముచే నీరు విడిచినచో, దానిని కొంతసేపు నీటి తొట్టిలో నుంచి, త్రాగనిచ్చి, పిమ్మట విడుతురు. తెల్లవారుజామున లేచి, మోయగలిగినంత నీరు మోసికొని, గుడారములలో పండుకొని, త్రాచువలె విషముగల గిలక పాములున్న నేలపై నడచుచు వారీ పని చేయుదురు. కొన్ని దినములు ఒక్క తాబేలును కనబడదు. ఆ దినమున 'సున్న' అని వ్రాయవలెను. సున్న వ్రాయుటకు సిగ్గుపడి ఒకటి వేసినవాడు ఆ సంవత్సరపు లెక్కనంతయు చెరచినవాడగును.

లెక్క ఏమి చెప్పెను?

ఇట్లు 2004 నుండి 2014 వరకు కూడిన లెక్కలను 2018లో ప్రకటించిరి. సంరక్షణ కొరకు విభజించిన అయిదు ప్రాంతములలో నాలుగింట పెద్ద తాబేళ్ళు తగ్గిపోయినవి. పశ్చిమ మొహావీలో పదేండ్లలో దాదాపు సగము పోయినవి. ఈశాన్య ప్రాంతమున మాత్రము పెరిగినవి. మంచి వార్తయు, చెడ్డ వార్తయు ఒకే పట్టికనుండి వచ్చినవి. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము 2021లో ఈ జాతిని అత్యంత ప్రమాదస్థితిలో నున్నదిగా ప్రకటించినది. 2024 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా రాష్ట్రము దీనిని ముప్పునకు లోనైన జాతుల వర్గమునుండి, అంతరించు ప్రమాదము గల జాతుల వర్గమునకు మార్చుటకు నిర్ణయించినది.

లెక్క అపోహను కూడ తొలగించును. 2008 వసంతమున ఫోర్ట్ ఇర్విన్ అను సైనిక శిక్షణ కేంద్రమును విస్తరించుటకు 500కు పైగా తాబేళ్ళను వేరొక చోటికి చేర్చిరి. తరువాత వాటిలో చాలావాటిని కొయోటీలను నక్కవంటి జంతువులు చంపినవి. చోటు మార్చుటయే చావునకు కారణమని ఎవరైనను అనుకొందురు. కాని పరిశోధకులు తరలించిన వాటికే గాక, ఆ క్రొత్తచోట మొదటినుండి యున్న తాబేళ్ళకును, దూరమున మరియొక చోట ఎవరును కదలింపని తాబేళ్ళకును రేడియోలు అమర్చియుండిరి. పోల్చి చూడగా మూడు గుంపులలోను చావులు ఇంచుమించు సమానముగనే యుండెను. వానలు లేక కుందేళ్ళు మొదలగునవి తగ్గినందున కొయోటీలు తాబేళ్ళమీద పడియుండునని వారు భావించిరి. కదలింపని గుంపును కూడ ఓపికతో వెంబడించి యుండకపోయినచో ఈ సంగతి తెలిసియుండదు.

మన ఇంటి మాట

ఇంతవరకు దూరదేశపు మాట. ఇప్పుడొక దగ్గరి మాట, నా తప్పు, చెప్పవలసియున్నది. ఆంధ్రదేశమునందును, తమిళనాడు కర్ణాటకముల మెట్ట ప్రాంతములయందును నక్షత్ర తాబేలు కలదని మీకు తెలియును. దాని డిప్పమీద పసుపుపచ్చని గీతలు నక్షత్రములవలె విరిసియుండును. నేను ఉపాధ్యాయ వృత్తిలో చేరిన క్రొత్తలో ఒక విద్యార్థి చేనిలో దొరికినదని అట్టి తాబేటినొకదానిని తెచ్చెను. నేను సంతోషించి, ప్రకృతి పాఠమునకు పనికివచ్చునని బడి తోటలో ఒక సిమెంటు తొట్టిలో ఉంచితిని. పిల్లలు మెచ్చిరి, నేనును గర్వపడితిని. నీటిలో నుంచినచో అది సుఖించుననుకొంటినే కాని, అది మెట్ట ప్రాణియని గ్రహింపలేదు. వానకాలము వెళ్ళకముందే అది చచ్చెను. చట్టరీత్యా దానిని ఉంచుకొనుట నేరమని కూడ నాకప్పుడు తెలియదు.

నేటికిని కొందరు తాబేలు ఇంట నున్న లక్ష్మి నిలుచునని నమ్మి కొనుచున్నారు. కొనువారున్నంతకాలము పొలములలో పట్టువారుందురు. ఈ అక్రమ వ్యాపారము మితిమీరినందున 2019లో దేశములన్నియు కలిసి నక్షత్ర తాబేటి అంతర్జాతీయ వ్యాపారమును నిషేధించు పట్టికలో చేర్చినవి. కూర్మమును భగవదవతారముగా పూజించువారము మనము. శ్రీకూర్మ క్షేత్రమునకు పోయి మ్రొక్కి వచ్చి, ఇంట తొట్టిలో ఒక కూర్మమును బంధించుట తగునా? పిల్లవాడు తాబేటిని తెచ్చినచో కోపింపక, దొరికినచోటనే విడిచి రమ్మని చెప్పుడు. సంతలో కొన్నదైనచో ఎక్కడనో విడువక అటవీశాఖవారికి అప్పగింపుడు. ఇంట పెరిగిన ప్రాణి మోసికొనిపోవు వ్యాధి సంగతి పైన చెప్పియుంటిని.

మరియు ఒక అభ్యాసము. ఈ సెలవులలో పిల్లవానికి ఒక చిన్న నోటుపుస్తకము కొని యిండు. ఇంటి ప్రక్క చెట్టుమీది పిచ్చుకలో, చెరువునకు వచ్చు కొంగలో, ఏదైనను ఒకటి ఎన్నుకొని, ప్రతిదినము ఒకే వేళకు, ఒకే చోట నిలిచి, కనబడినవి ఎన్నియో తేదీతో వ్రాయుమనుడు. కనబడని దినమున సున్న వ్రాయుమనుడు. మరుసటి యేడు అదే నెలలో మరల వ్రాయుమనుడు. ఆ రెండు పుటలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినపుడు, పుస్తకమున లేని సంగతి యొకటి వానికి స్వయముగా తెలియును.

ఇక ఆ తండ్రిగారి ప్రశ్నలు. మొదటిదానికి నా ఉత్తరమిది: ఈ పనిలో జీతము కొద్ది, ఋతువు ముగియగానే పని ముగియును, మరల వెదకుకొనవలెను. దీనిని దాచి చెప్పుట మీ అమ్మాయికి మేలు కాదు. ఒకటి రెండు ఋతువులు అట్లు నడచి, పై చదువులకు పోయి స్థిరపడినవారును కలరు, వేరు వృత్తులకు మరలినవారును కలరు. రెండవ ప్రశ్నకు మాత్రము నేను సంకోచింపక చెప్పగలను. లెక్కించినంత మాత్రమున తాబేలు బ్రదుకదు, నిజమే. కాని లెక్కించువారు లేకున్న అది పోవుచున్నదని తెలియుటకే ముప్పది ఏండ్లు పట్టును. అప్పటికి చేయదగినది మిగులదు. కాబట్టి అయ్యా, అమ్మాయిని ఒక్క ఋతువు పోనిండు. ఆమె తిరిగి వచ్చిన పిమ్మట, ఎన్ని కనబడినవని గాక, ఎన్ని సున్నలు వ్రాసితివని అడుగుడు. ఆ సంఖ్యను తడబడక చెప్పగలిగినచో, ఆమె చదువు వృథా కాలేదని మన పాఠశాల సంతోషించును.